వీపు తోమని పులి

ఎలుక సంవత్సరం, చివరి నెల, ఇరవై రెండు

ఈ రోజు పనులు: పొయ్యి బూడిద ఎత్తాను. గోడల మసి దులిపాను. కంబళ్లు మంచు మీద పరిచి కొట్టాను. వరిగలు ఒక బస్తా వేయించి సగం దంచాను. తోమినవి: దేవుడి దీపాలు ఏడు, రాగి కెటిళ్లు రెండు, పాల గరిటె, మా ఆయన జీను బొత్తాలు, పులి.

రేపు పొయ్యికి పూజ. మసిబారిన లోహం ఒక్కటి ఇంట్లో ఉన్నా కొత్త ఏడాది మొదటి నెల, తెల్లనెల, లోపలికి రాదని మా అత్త అనేది. దీపాల పెట్టె తీస్తే అడుగున పులి, గుడ్డలో చుట్టి ఉంది. పోయిన శరత్తులో పెద్ద గాలికి ఇసుకదిబ్బ కదిలి పాత సమాధి బయటపడినప్పుడు మా ఆయనకు దొరికిన కంచు బిళ్ల. అరచేయంత. ఆ రోజు నుంచీ ఇలాగే ఉంది, పాచి పట్టినట్టు పచ్చగా. పాతకాలపు మనిషి నడికట్టు మీదిదట, రెండు వేల ఏళ్లదట. మ్యూజియం రువాన్ టీచరమ్మ వచ్చి బొమ్మ గీసుకుంది, ముందూ వెనకా ఫోటోలు తీసుకుంది. తెల్లనెలలో దారి బాగుపడ్డాక వచ్చి తీసుకెళ్తానని అప్పటిదాకా ఈయనకే అప్పగించింది. ప్రశంసాపత్రం ఇస్తారట. దానికోసం గోడకు మేకు అప్పుడే కొట్టేశాడు.

రెండు వేల ఏళ్లుగా ఎవరూ తోమలేదు. ఆ మురికితో దేవుడి ముందు ఉంచడం నాకు బాగాలేదనిపించింది. పుల్లమజ్జిగ తేటలో ఉన్ని ముక్క ముంచి, పిడకల బూడిద, సన్న ఇసుక వేసి రుద్దాను. మధ్యాహ్నమంతా పట్టింది. బిళ్ల వెనక్కి, అంటే పులి వీపుకు, వచ్చేసరికి తేట అయిపోయింది. కెటిళ్ల అడుగులూ పులి వీపూ వదిలేశాను. వాటిని ఎవరు చూస్తారు.

ముందు మొహమంతా బంగారంలా వచ్చింది. చారలు, గోళ్లు, నోట కరుచుకున్న గొర్రె, అన్నీ తేలాయి. గొర్రె కళ్లు తెరిచే ఉన్నాయి, అరుస్తున్నట్టు లేదు. దాని తోక మేకతోకలా నిక్కి ఉంది. చేసినవాడికి గొర్రెలు లేవు. తోమాక పులి భుజంలో ఇంకో చిన్న జంతువు బయటపడింది, ముడుచుకుని పడుకుని. మురికిలో ఇన్నాళ్లూ కనబడలేదు.

కంచు పోసే మరిది చోగ్తూ ఇవ్వాల్సింది: ముందు నడిచే మేకపోతుకి గంట. కిందటి ఎండాకాలం పోసి ఇస్తానన్నాడు. ఇంకా ఇవ్వలేదు.

ఇరవై మూడు

పొయ్యికి గొర్రె రొమ్ము ఎముక, వెన్న, వరిగలు వేశాను. మంట నిటారుగా లేచింది. మంచిదే.

ఇరవై ఎనిమిది

మా ఆయన చలికాలపు మంద దగ్గర నుంచి వచ్చాడు. మీసాల మీద మంచు కరగకముందే పెట్టె తీశాడు. గుడ్డ విప్పాడు. నేను మాంసం కోస్తున్నాను.

"ఇదేమిటి?" అన్నాడు. నన్ను కాదు, బిళ్లను అడిగాడు.

కిటికీ దగ్గరికి తీసుకెళ్లాడు. తిప్పి తిప్పి చూశాడు.

"ఇది అది కాదు. భుజంలో పిల్ల ఉంది. దానికి పిల్ల లేదు." నా వైపు తిరిగి, "దోల్గోర్, నేను లేనప్పుడు దీన్నెవరు ముట్టుకున్నారు?"

"చోగ్తూ వచ్చాడు. మల్లయోధుల నడికట్లకి ఇలాంటిది పోస్తానని, అచ్చు తీసుకోవడానికి పట్టుకెళ్లాడు. రెండు రోజుల్లో తెచ్చిచ్చాడు."

అది నిజమే. అడిగినదానికి చెప్పాను.

ఆయన బిళ్లను మళ్లీ గుడ్డలో చుట్టి పెట్టెలో పడేశాడు. తర్వాత మాట్లాడాడు. ఆ మాటలు ఇక్కడ రాయను. సొంత తమ్ముడు, తల్లి పోయాక ఈ పొయ్యి దగ్గరే పెరిగినవాడు, కొత్త కంచు చేతిలో పెట్టి పాతది నొక్కేశాడన్నది సారాంశం. ఇంకేమైనా జరిగి ఉండొచ్చేమో అని ఆయన అడగలేదు. అడిగి ఉంటే చెప్పేదాన్ని.

అదీగాక రంగు మళ్లీ వస్తుంది. ఏ కంచైనా మసకబారుతుంది.

గంట రాలేదు.

ఎద్దు సంవత్సరం, తెల్లనెల, ఒకటి

పొద్దున్నే చోగ్తూ వచ్చాడు. కొత్త అంగీ. నాకు నీలి పట్టు కండువా, వాళ్లన్నకి సారా సీసా. మోకాలు వంచి, పలకరింపుగా ఒకరిదొకరు మార్చుకునే నశ్యం బుడ్డి రెండు చేతులా చాచాడు. ఈయన చేతులు మోకాళ్ల మీదే ఉన్నాయి. తెల్లనెల మొదటి రోజు చాచిన నశ్యం బుడ్డి అందుకోకపోవడం పగవాడి విషయంలో కూడా నేను చూడలేదు.

"ముందు అసలుది చాచు," అన్నాడు.

"ఏ అసలుది అన్నయ్యా?"

"నా పులి."

"అది పులి కాదు తోడేలని అప్పుడే చెప్పాగా. మన దిబ్బల్లో పులిని ఎవడు చూశాడు?"

"చారలు కనబడట్లేదూ? కళ్లల్లో కూడా కంచు పోసుకున్నావా?"

"చారలు కావవి, పక్కటెముకలు. ఆకలి మీదున్న తోడేలు. ఖచ్చితంగా మన వంశమే."

మామూలుగా అయితే ఈయన నవ్వేవాడు. పెట్టె తీసి బిళ్లను చోగ్తూ ఒళ్లోకి విసిరాడు. చోగ్తూ దాన్ని చూశాడు. బొటనవేలితో మొహం తడిమాడు. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. తర్వాత నా చేతుల వైపు చూశాడు. బూడిదకి వేళ్ల కొనలు పగిలి ఉన్నాయి. ప్రతి ఏడూ ఈ రోజుల్లో పగులుతాయి.

"ఆ భుజంలో పిల్ల ఎక్కడిది?" అని అడిగాడు ఈయన. "అచ్చులో నీ పనితనం కలిపావా?"

"అంత పనితనమే ఉంటే వదిన గంటకి ఇన్ని నెలలు పట్టేదా?"

"ఇకిలించకు. అది ప్రభుత్వం సొత్తు. నా పేరు మీద ఉంది. తీసుకున్నావా లేదా?"

చోగ్తూ బిళ్లను గుడ్డలో చుట్టాడు, జాగ్రత్తగా, పసిబిడ్డను చుట్టినట్టు. "నీకెలా అనిపిస్తే అలాగే అన్నయ్యా," అన్నాడు. నశ్యం బుడ్డి అంగీలో పెట్టుకున్నాడు. టీ తాగాడు. మాంసం ముట్టలేదు. వెళ్లిపోయాడు.

నన్నెవరూ ఏమీ అడగలేదు.

రెండు

రంగు వస్తే గొడవ పోతుంది. ఒక ఎండాకాలం గొర్రెల కొట్టంలో మరిచిపోయిన కెటిల్ పచ్చగా అయింది, నాకు గుర్తుంది. మందను వదిలాక పులిని కొట్టంలో పెట్టాను. తడి పేడ, మీద ఉప్పు, మొహం కిందకి అద్ది. గొర్రెలు పడుకునే చోట అయితే గడ్డకట్టదు. ఖాళీ గుడ్డను మడిచి పెట్టెలో పెట్టాను. పెట్టె తన కళ్లముందు తెరవొద్దని ఈయనే అన్నాడు కాబట్టి ఇబ్బంది లేదు.

మిగతా పనులు మామూలే.

నాలుగు

చూశాను. ఇంకా లేదు.

ఐదు

పండగ పలకరింపులకు వచ్చినవాళ్లంతా చోగ్తూ ఏడని అడుగుతున్నారు. "జలుబు," అంటున్నాడు ఈయన. పక్క దిబ్బ బద్మా ముసలమ్మ, "జలుబు అన్నకా తమ్ముడికా?" అంది. ఆవిడ రెండో గిన్నె టీ కూడా తాగింది.

గంట రాలేదు. అడిగే సమయం కాదు.

ఏడు

వస్తోంది. గొర్రె మెడ దగ్గర మొదలైంది.

తొమ్మిది

తీసి తుడిచాను. మొహమంతా పచ్చగా ఉంది. ఇంచుమించు మునుపటిలాగే. ఆ చిన్న జంతువు మాత్రం పచ్చలోంచి కూడా కనిపిస్తోంది. వీపు ముందెలా ఉందో అలాగే ఉంది. మళ్లీ గుడ్డలో చుట్టి పెట్టెలో పెట్టాను. నేనెవరికీ అబద్ధం చెప్పలేదు.

రాత్రికి రెండు మేకలు ఈనాయి. పిల్లలు బతికాయి.

పదకొండు

పనులు రాయడం లేదు. చెయ్యలేదని కాదు.

మధ్యాహ్నం రువాన్ టీచరమ్మ జీపులో వచ్చింది. మన భాష బాగానే మాట్లాడుతుంది, కాకపోతే గొర్రెనీ మేకనీ ఒకే పేరుతో పిలుస్తుంది. ఈయన ఎదురువెళ్లాడు కానీ ముఖం ఎత్తలేదు. ఆవిడే పెట్టె తీసింది. తెల్ల గ్లవుజులు తొడుక్కుంది. బిళ్లను దీపం దగ్గర పెట్టి, దూది తడిపి, పులి మొహం మీద ఒక్కసారి రాసింది. దూది పచ్చగా అయింది. కింద పసుపు మెరిసింది.

ఆవిడ గ్లవుజులు తీసేసింది. అది చూడగానే, దీన్ని అసలుదిగా లెక్కవేయట్లేదని నాకు తెలిసింది.

"మంగ్లాయ్ గారూ, ఇది పేడా ఉప్పూ పెట్టి తెప్పించిన రంగు. నకిలీలు చేసేవాళ్ల పద్ధతి. పాత కంచు రంగు దూదికి అంటదు."

ఈయన పెట్టె వైపు చూశాడు. తను చూసినప్పుడు పసుపుగా ఉన్నది పచ్చగా ఎలా అయిందో ఆయనకి అర్థం కాలేదు. "పండగ రోజుకి కూడా పచ్చ లేదు," అన్నాడు నెమ్మదిగా. ఆ తర్వాత, "దొంగ మళ్లీ వచ్చి రంగు కూడా వేసిపోయాడు."

ఆవిడ శరత్తులో గీసుకున్న బొమ్మ తీసి పక్కన పెట్టింది. పులి, గొర్రె, పులి తోక కొసన పిట్ట తల. భుజంలో ఏమీ లేదు. "ఈ చిన్నది చేసినవాడు కలిపాడు," అంది. "ఎవరి చేతికి ఇచ్చారు?"

ఈయన గోడ మీది మేకు వైపు చూసి చెప్పాడు. "నా తమ్ముడికి."

చోగ్తూకి కబురు పంపారు. గుర్రం మీద వచ్చాడు. గుమ్మం దగ్గరే నిలబడ్డాడు, లోపల కూర్చోమని ఎవరూ అనలేదు.

"ఇది మీ దగ్గర రెండు రోజులుందా?" అని అడిగింది రువాన్ టీచరమ్మ.

"ఉంది."

"అసలుది ఎక్కడుంది?"

"అదే అసలుది."

"ఇది పేడలో పెట్టిన కొత్త కంచు. ఈ పని మీకు తెలుసా?"

"తెలుసు. ఎవరికి తెలియదు, కంచు పోసేవాళ్లకి?"

"అయితే?"

చోగ్తూ టోపీ తీసి మంచు దులుపుకున్నాడు. ఆవిడ కోప్పడలేదు, అలసిపోయినట్టు కనిపించింది. పొద్దున బయల్దేరి పట్నంలో పోలీసులకు చెప్పక తప్పదంది. సమాధిలో దొరికిన వస్తువు మార్చేస్తే జైలు. రాత్రి గాలి లేస్తే జీపు కదలదు కాబట్టి ఇక్కడే పడుకుంటానంది. నేను పక్క వేశాను. టీ పోశాను. నన్నెవరూ అడగలేదు.

సూర్యుడు దిగుతుంటే మేకల్ని కొట్టంలోకి తోలాను. చోగ్తూ అక్కడ కంచెకి ఆనుకుని ఉన్నాడు. కాలితో పేడను కదిలిస్తున్నాడు.

"పెట్టింది ఇక్కడేనా వదినా?"

నేను మేకల్ని చూస్తున్నాను.

"ఉప్పు ఎక్కువేశావు. నన్నడిగితే సరిగ్గా పెట్టేవాణ్ణి కదా."

"నీకెప్పుడు తెలుసు?"

"పండగ రోజునే. పుల్లమజ్జిగ వాసన. అన్నయ్యకి ముక్కు లేదు, నాకుంది."

"మరి చెప్పవేం?"

"చెప్తే అన్నయ్య నిన్ను అనేవాడు. నన్నంటే నాకేం, అలవాటే." తర్వాత అన్నాడు, "చిన్నప్పుడు నేను రాయి విసిరి బద్మా వాళ్ల గొర్రెపిల్లని చంపినప్పుడు నువ్వేం చెప్పావు?"

"గుర్తులేదు."

"తోడేలు పట్టుకుపోయిందన్నావు. అన్నయ్యతో, ఊరందరితో. అన్నయ్య మూడు రాత్రులు తుపాకి పట్టుకుని లేని తోడేలు కోసం కాపలా కాశాడు."

"నీకప్పుడు తొమ్మిదేళ్లు."

"ఇప్పుడు కాదుగా."

"జైలు గొర్రెపిల్ల కాదు చోగ్తూ."

"తెలుసు. అందుకే లెక్క సరిపోతుందనుకుంటున్నా. ఆ బాకీ నువ్వు రాసుకోలేదేమో. నేను రాసుకున్నా."

మేకపోతు వచ్చి అతని చెయ్యి నాకింది. దాని మెడలో ఏమీ లేదు. అతను దాని మెడ తడిమి, "దీని బాకీ కూడా ఉంది కదూ," అన్నాడు.

గాలి లేచింది.

పన్నెండు

పొద్దున టీ అయ్యాక రువాన్ టీచరమ్మ బూట్లు తొడుక్కుంటోంది. చోగ్తూ తెల్లవారకముందే వచ్చి జీపు పక్కన నిలబడ్డాడు, తనే వస్తానన్నట్టు. ఈయన బయటికి రాలేదు.

నేను కుండలో పుల్లమజ్జిగ తేట తెచ్చాను. బూడిద, ఇసుక, ఉన్ని ముక్క తెచ్చాను. తోమకుండా వదిలేసిన కెటిల్ అడుగు ఆవిడ ముందు తిప్పి పెట్టి తోమడం మొదలుపెట్టాను. ఆవిడ బూటు వెయ్యడం ఆపింది.

"ఇరవై రెండున," అన్నాను, "ఇలాగే, దీపాలతో పాటు పులినీ తోమాను. మాకు తెల్లనెలలో మసి ఉండకూడదు. భుజంలో ఉన్నదాన్ని చోగ్తూ పోయలేదు. అది మురికి కింద ఉంది. తర్వాత పేడలో పెట్టింది కూడా నేనే, రంగు వస్తే వీళ్లిద్దరూ మాట్లాడుకుంటారని."

ఈయన లేచి నిలబడ్డాడు. "నువ్వా?" అన్నాడు. "పదిహేను రోజులు?"

"మీరు అడగలేదు." ఇదే చెప్పాను. ఇన్నాళ్లూ అది నాకు సరైన జవాబులా ఉండేది. గట్టిగా చెప్పినప్పుడు అంత బాగా వినబడలేదు.

రువాన్ టీచరమ్మ మా ఇద్దరినీ చూసింది. "అమ్మా, మరిదిని కాపాడటానికి వదిన చెప్పే మాట పోలీసులు నమ్మరు," అంది. కఠినంగా అనలేదు.

"వీపు తోమలేదు," అన్నాను. "తేట అయిపోయింది. పేడలో మొహమే అద్దాను."

ఆవిడ బిళ్లను తిప్పింది. అందరూ ఇన్నాళ్లూ పులి మొహమే చూశారు, నేను కూడా. వీపు మీద గుడ్డ నేత ఉంది. కంచులో, పడుగూ పేకా దారం దారంగా. మైనం బొమ్మ విరగకుండా వెనక తడి గుడ్డ అద్ది పోసేవారట, ఆ గుడ్డ కాలిపోయి దాని జాడ మిగిలిపోతుందట. గుమ్మంలోకి వచ్చిన చోగ్తూ ఆ మాట విని మెడ సాచాడు. ఒక మూల దారం తెగి ముడి వేసి ఉంది. ఆవిడ ఫోటోల కవరు తీసింది. శరత్తులో తీసిన వీపు ఫోటో వెతికింది. భూతద్దం పెట్టింది. తెగిన దారం. ముడి. ముడి మీద ఎర్రటి పాత చిలుము. రెండింటిలో ఒకటే.

తడి దూదితో వీపు కూడా రాసింది. దూది తెల్లగానే ఉంది.

కెటిల్ లోపల మిగిలిన టీ చుక్కలు నేల మీద పడుతున్నాయి.

"ఈ పచ్చ రావడానికి రెండు వేల ఏళ్లు పట్టిందమ్మా," అంది ఆవిడ.

"పోవడానికి ఒక మధ్యాహ్నం పట్టింది," అన్నాను. లెక్క కోసమే అన్నాను. ఆవిడ నవ్విందో మరేమిటో, ముక్కు చీదుకుంది.

అప్పుడు మళ్లీ కూర్చుంది. పెన్సిలు తీసి పాత బొమ్మలో పులి భుజం దగ్గర ఆ చిన్న జంతువును గీసింది. పచ్చ ఉండి ఉంటే తనకు ఎప్పటికీ కనబడేది కాదంది. అలా అని నన్ను మెచ్చుకోలేదు. ఇది ప్రదర్శన అద్దాల్లోకి వెళ్లదు, గిడ్డంగిలోకే. ప్రశంసాపత్రం రాదు. అది కూడా చెప్పింది.

"ఇది ఏం జంతువు?" అని అడిగింది.

"పులిపిల్ల," అన్నాడు ఈయన.

"తోడేలుపిల్ల," అన్నాడు చోగ్తూ గుమ్మంలోంచి.

పదకొండు రోజుల తర్వాత ఒకరి మాటకి ఒకరు అడ్డం వచ్చారు. ఆవిడ నా వైపు చూసింది. నాకు తెలియదన్నాను. నోట గొర్రె, భుజాన పిల్ల, రెండు చేతులా పనిబడ్డ మనిషిలా ఉందన్నాను. ఆవిడ అది రాసుకోలేదు.

జీపు వెళ్లిపోయింది. పులి కూడా.

పద్నాలుగు

ఆయన నాతో మాట్లాడటం లేదు. పెట్టినది తింటున్నాడు.

పదిహేను

ఈ రోజు పనులు: పెరుగు తోడుపెట్టాను. మేకపిల్లలకు ఎండుగడ్డి వేశాను. ఈయన అంగీకి బొత్తం కుట్టాను.

కుట్టేటప్పుడు జేబులో నశ్యం బుడ్డి తగిలింది. నిన్నే నింపినట్టుంది. ఈయన అంగీ తొడుక్కుని గుర్రం ఎక్కి చోగ్తూ ఇంటి వైపు వెళ్లాడు. నేనేమీ అడగలేదు, చెప్పమనీ అనలేదు.

పొద్దు వాలాక వచ్చాడు. సారా వాసన, ముక్కు కింద నశ్యం మరక. తన బుడ్డిలోది కాక ఇంకో రంగు నశ్యం మరక కూడా. గుమ్మంలో బూట్లు విప్పుతూ, "వాడింకా తోడేలే అంటున్నాడు," అన్నాడు.

"మీరేమన్నారు?"

"పులి అన్నాను." గోడ వైపు చూశాడు. "ఆ మేకు ఒక్కటి తోమకుండా వదిలేశావే?"

కొరడా దానికి తగిలించి పడుకున్నాడు.

చోగ్తూ ఇవ్వాల్సిన గంట: చెల్లు. గంట రాలేదు.